పదహారో గడి

జూన్ 3, బుధవారం

పెద్ద దీవి డాక్టరు ఇచ్చిన వారం గడువు నిన్నటితో అయిపోయింది. అమ్మ మాత్రం ఉంది.

పొద్దున కళ్ళు తెరిచి ఎడమచేయి చాపింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట కూడా పోయింది కాబట్టి ఏం కావాలో తెలియలేదు. నీళ్ళిచ్చాను, తోసేసింది. బైబిలు ఇచ్చాను, దాన్నీ తోసేసింది. చివరికి లోసలీనే పెద్దమ్మే కనిపెట్టింది.

"నారబట్ట అడుగుతోందే. మొగుడితో కంటే దాంతోనే ఎక్కువ కాపురం చేసింది, ఇంకేం అడుగుతుంది?" అంది.

మూలన చుట్టిపెట్టిన బట్ట తెచ్చి పరిచాం. జబ్బు పడకముందు ఊళ్ళో ఆడవాళ్ళంతా బెరడు కొట్టి, అతికి, రంగు రుద్దిన యాభై గడుల బట్ట. అంచున గడికో అంకె వేయడం ఒక్కటే మిగిలింది. ఆ పని ఎప్పుడూ అమ్మదే, ఇంకొకరిని వేలు పెట్టనివ్వదు. మొగలికాయ కుంచె రంగులో ముంచి చేతికిస్తే మొదటి గడి అంచున వంకరగా 3 అని వేసింది.

ఒకటి వేయాల్సిన చోట మూడు. పెద్దమ్మ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

ఆ తర్వాత అరగిన్నె గంజి తాగింది. పది రోజులుగా చెంచాడు నీళ్ళు తప్ప ఏమీ దిగని గొంతు అది.

జూన్ 4

6. గంజి తాగింది. ఇవాళ సెలవు కాబట్టి పక్కనే ఉన్నాను.

జూన్ 5

0. బట్ట అతికిన ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. "మూడు, ఆరు, సున్నా. హింగానో లెక్క మన లెక్క కాదమ్మా, కూతురు లెక్కల టీచరు కదా, కొత్త పాఠం చెప్పినట్టుంది" అని అమ్మని ఆటపట్టించి నవ్వుకున్నారు. వాళ్ళతో పాటు అమ్మ కూడా నోటి ఎడమ చివర నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దెబ్బ తిన్న మెదడు ఏ అంకె గుర్తొస్తే అది వేస్తుంది. అంతే.

జూన్ 6

8. కొబ్బరిపాలలో ఉడికించిన చేప రెండు ముద్దలు తింది.

జూన్ 7, ఆదివారం

మా దీవిలో ఆదివారం పని చేస్తే పాపం. నేరం కూడా. శనివారం సాయంత్రమే పొయ్యి రాళ్ళు పేర్చుకునే మనిషి అమ్మ. నేను చిన్నప్పుడు ఆదివారం పూట చిరిగిన గౌనుకు సూది పట్టుకుంటే చేతి మీద కొట్టింది.

ఆ అమ్మే ఇవాళ గుడిలో మొదటి గంట కొట్టకముందే కుంచె అడిగింది. ఇవ్వలేదు. కన్నార్పకుండా నన్ను ఎంతసేపు చూసిందంటే చివరికి ఇచ్చాను. 5 వేసింది.

గుడి అయ్యాక పాస్టరుగారు ప్రార్థనకి వచ్చి తడి ఆరని అంకె చూశారు. బయటికెళ్ళి మా తమ్ముడు సాతెకీతో మాట్లాడారు. సాతెకీ వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. అక్క ఉన్న గదిలోకి తమ్ముడు అడుగు పెట్టకూడదు కదా, వాడికి నలభై ఏళ్ళొచ్చినా అక్కడే నిలబడతాడు.

"అక్కా, ఆ బట్ట కొన్నాళ్ళు పెద్దమ్మ వాళ్ళింట్లో పెడదాం. ఊళ్ళో మాట పడటం ఎందుకు?" అన్నాడు.

సరే అన్నాను. నాకూ ఆ అంకెలు చూడాలని లేదు.

జూన్ 8

పొద్దున అమ్మ లేవలేదు. పిలిచినా కదల్లేదు. ఎనిమిదికల్లా వేళ్ళు చల్లబడ్డాయి, పదికల్లా మోచేతి దాకా. ముక్కు దగ్గర అద్దం పెడితే ఉందో లేదో అన్నంత ఆవిరి. సాతెకీ పాస్టరుగారి కోసం పరిగెత్తబోతుంటే పెద్దమ్మ ఆపింది.

"పాస్టరు తర్వాత రావచ్చు. ముందు బట్ట తీసుకురా" అంది.

తెచ్చాడు. పరిచి, అమ్మ ఎడమచేతిలో కుంచె పెట్టి వేళ్ళు మూశాను. కళ్ళు తెరవకుండానే 2 వేసింది. ఆ చేయి నా చేతిలో ఉండగానే వెచ్చబడింది. పొయ్యి మీద పెట్టిన గిన్నె వెచ్చబడినట్టు, మెల్లగా.

రంగు వాసనకి తెలివి వచ్చి ఉంటుంది. కొందరికి అలా అవుతుందట. బట్ట ఇక ఇంట్లోంచి కదలదు.

జూన్ 9

క్లాసులో ఏడుతో భాగించడం చెబుతున్నాను. ఉదాహరణకి ఏదో ఒక పెద్ద సంఖ్య కావాలి. పొద్దున అమ్మ 8 వేసింది. నల్లబల్ల మీద చేయి దానంతటదే 3608528 అని రాసింది. పిల్లలు భాగించారు. శేషం లేదు.

అందులో వింత లేదు. ఏడింటిలో ఒక సంఖ్య అలా పోతుంది. కానీ పిల్లలు వెళ్ళిపోయాక ఒక్కదాన్నే కూర్చుని వెనక్కి చూసుకుంటూ వెళ్ళాను. మొదటి రెండు అంకెలు 36, రెండుతో పోతుంది. మొదటి మూడు 360, మూడుతో పోతుంది. 3608 నాలుగుతో. 36085 ఐదుతో. 360852 ఆరుతో. ఏ రోజుకి ఆ రోజు, ఎన్నో రోజైతే అన్ని వాటాలకి సరిగ్గా పంచుకునే సంఖ్య. ఒక్క కాయ మిగలదు, ఒక్క కాయ తక్కువ కాదు.

అమ్మ చదివింది మూడో తరగతి.

జూన్ 10

రేపటి అంకె నేనే ముందు చెప్పగలనేమో చూద్దామని నిన్న సాయంత్రమే లెక్క వేసి పెట్టుకున్నాను. ఎనిమిదో చోట 0 రావాలి, లేకపోతే 8 రావాలి. ఇంకేదీ కుదరదు. పొద్దున అమ్మ 8 వేసింది. క్లాసుకి వెళ్ళాను.

మధ్యాహ్నమంతా ఖాళీ క్లాసులో లెక్క. పది దాటాక రెండు దారులు ఉండవు. ప్రతి రోజుకీ ఉంటే ఒక్క అంకే ఉంటుంది, లేకపోతే అదీ ఉండదు. అంటే మొత్తం ముందే రాసి ఉన్నట్టు. గడి తర్వాత గడి వేసుకుంటూ వెళ్ళాను. పదిహేను, పద్దెనిమిది, ఇరవై దాటింది. ఎంత సంతోషం వేసిందో. బట్ట యాభై గడులు కదా, యాభై దాకా వెళ్తుందనుకున్నాను.

ఇరవై ఐదు దగ్గర ఆగిపోయింది.

3608528850368400786036725. దీని పక్కన ఏ అంకె పెట్టినా ఇరవై ఆరుతో పోదు. పదికి పది అంకెలూ పెట్టి చూశాను. రెండుసార్లు. ఇరవై ఐదో రోజు జూన్ 27. ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున అమ్మ కుంచె పట్టుకుంటే వేయడానికి అంకె ఉండదు.

అంకె వేయకపోతే చేయి చల్లబడటం నేను చూశాను. నాకెవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు 0 గుర్తొచ్చింది. 8 కాకుండా 0 వేసి ఉంటే ఇంకో దారి. ఆ దారి మొదలుపెట్టాను. తొమ్మిదో చోట 4, తర్వాత 0, 7, 2, 8, 8, 5. ఒక్క చోట కూడా తడబడకుండా నడిచింది. పదహారు దగ్గరికొచ్చేసరికి బడి మూసే గంట కొట్టారు. గబగబా ఎనిమిది జతలకి పంచి చూశాను, 6 పెడితే సరిగ్గా పోయింది. పదహారు గడిచింది. ఇంత సాఫీగా నడిచే దారి ఊరికే ఆగదు. మిగతాది రేపు వేసుకోవచ్చు, కానీ 8 మీద అతుకు ఇవాళే వేయాలి. రేపు పొద్దునకల్లా అమ్మ తొమ్మిదో అంకె వేసేస్తుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ నిద్రలో ఉంది. పెద్దమ్మ బయట మొగలి ఆకుల చాప అల్లుతోంది. బట్టకి చిల్లులు పూడ్చడానికి ఇంట్లో ఎలాగూ నారబట్ట ముక్కలు ఉంటాయి. గోరంత ముక్క చింపి, ఉడికిన కర్రపెండలం జిగురుతో 8 మీద అతికి, దాని మీద ఎడమచేత్తో 0 వేశాను. అమ్మ చేతివాటం దింపడం కష్టమేమీ కాలేదు.

తప్పేముంది. బట్టకి అతుకులు వేయరా?

జూన్ 11

4.

పాత దారైతే 5 వేయాలి. 4 వేసింది. నా దారే పట్టింది. సంతోషం ఆగలేదు. మధ్యాహ్నం నేను చేసిన చారు మొత్తం తాగింది. "ఏంటే, ఇవాళ నీ ముఖం వెలిగిపోతోంది, ఎవరైనా అడిగారా?" అంది పెద్దమ్మ. నలభై నాలుగేళ్ళ దాన్ని ఎవరడుగుతారు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

జూన్ 12

0. ఇది రెండు దారుల్లోనూ ఉంది.

పదిహేడు నుంచి లెక్క వేయాలి. పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉంది. రేపు.

జూన్ 13

7. నేను చెప్పినట్టే.

పేపర్లు దిద్దలేదు. కుండలన్నీ బయటేసి తోమాను. తోమిన వాటినే మళ్ళీ తోమాను. పదిహేడు రేపు చూస్తాను. తొందరేముంది, పదహారు దాకా ఉంది కదా.

జూన్ 14, ఆదివారం

పొద్దున 2. అందరూ గుడికి వెళ్ళారు. జబ్బు మనిషి దగ్గర ఎవరో ఒకరు ఉండాలని నేను ఉండిపోయాను. పెన్సిలు పట్టుకోవడం కూడా పనే. అయినా పట్టుకున్నాను.

పదిహేడో చోట ఏ అంకే కుదరలేదు.

ఎక్కడో తప్పు పోయిందని వెనక్కి వచ్చాను. పదహారు దగ్గర దొరికింది. మేం కొబ్బరికాయలు జతల్లోనే లెక్కపెడతాం. పదహారు కాయల్ని ఎనిమిది అంటాం. జతలు అన్న మాట కూడా అనం, అందరికీ తెలుసు కదా అని. అమ్మే నేర్పింది, నాలుగేళ్ళప్పుడు, కాయల గుట్ట పక్కన కూర్చోబెట్టి. ఆ రోజు గంట మోగుతుంటే నేను పదహారుతో భాగించలేదు. ఎనిమిదితో భాగించి, జతలని మనసులో సర్ది చెప్పుకున్నాను. ఒకటో ఫారం పిల్లలు ఈ తప్పు చేస్తే చెవి మెలేస్తాను. ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా చేస్తారు, బయటి దీవుల నుంచి వచ్చిన టీచర్లకి అది అర్థమే కాదు.

8856 అని ముగిసే సంఖ్య పదహారుతో పోదు. ఎనిమిది మిగులుతుంది. 6 కాదు, అక్కడ ఏ అంకే పోదు. నేను చూపించిన దారి పదిహేను దగ్గర ఆగుతుంది.

అమ్మకి ఇరవై ఐదు ఉండేవి. నేను పదిహేను చేశాను.

గుడిలో పాట మొదలైంది. ఇంకో గంట పడుతుంది అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకున్నాను. జిగురు కలిపాను. ఎనిమిదో గడిలో నా 0 మీద ఇంకో ముక్క అతికి 8. తొమ్మిదిలో 4 మీద 5. పదకొండులో 7 మీద 3. పన్నెండులో 2 మీద 6. ఆదివారం పూట, ప్రార్థన వేళ, నాలుగు అతుకులు. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఇప్పుడు బట్ట మళ్ళీ పాత దారిలో ఉంది. ఎవరూ చూడలేదు.

జూన్ 15

8.

రెండు దారుల్లోనూ పదమూడో అంకె 8. దేవుడా, ఇవాళే ఇలా రావాలా. పొద్దుటి నుంచి ఏ పనీ తోచలేదు. రేపు 4 వేస్తే నా తప్పు దిద్దుకున్నట్టు. 8 వేస్తే లేదు.

4 వేస్తుంది. ఎందుకు వేయదు. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి.

జూన్ 16

పొద్దున కుంచె ఇచ్చాను. తీసుకుని పక్కన పెట్టింది. ఎడమ బొటనవేలి గోరు పన్నెండో గడి అంచు కింద దూర్చి నా అతుకు లేపింది. తర్వాత పదకొండు. తర్వాత తొమ్మిది. ఎంత ఓపికగా లేపిందంటే ఒక్క పోగు కూడా చిరగలేదు. ఎనిమిదో గడిలో పైదాన్ని మాత్రమే తీసింది. కింద నా 0 అలాగే ఉంది. దాన్ని వేలితో ఒకసారి తడిమి వదిలేసింది.

నాలుగు ముక్కలూ నా ఒళ్ళో పెట్టి, కుంచె ముంచుకుని 8 వేసింది.

నేను బయటికెళ్ళి పెద్దమ్మ పక్కన కూలబడ్డాను. అంతా చెప్పేశాను. లెక్క చెప్పాను, అతుకులు చెప్పాను, నేను తగ్గించిన పది రోజులు చెప్పాను. పెద్దమ్మ చాప అల్లడం ఆపకుండా వింది.

"మొదటి అతుకు వేసిన రోజు మీ అమ్మ నిద్రపోలేదే" అంది.

"నేను చూశాను, నిద్రలోనే ఉంది."

"నువ్వు జిగురు కలుపుతుంటే కళ్ళు తెరిచి నీ వీపు చూస్తోంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. నువ్వు ఇటు తిరగ్గానే మూసుకుంది. నువ్వెళ్ళాక ఆ అతుకు మీద చేయి పెట్టి ఇంత పొడుగున ఊపిరి వదిలింది. నీళ్ళ బిందె నెత్తిమీద నుంచి దింపుకున్నప్పుడు వదుల్తాం చూడు, అలా."

"అంటే?"

"అంటే ఏముంది. కూతురు వదల్లేక ఏడుస్తోందని ఎన్ని రోజులు లాగగలదో అన్ని రోజులకి లాగి పెట్టుకుంది. నువ్వే వచ్చి తగ్గించావు. చాలమ్మా, ఇక వెళ్ళు అన్నావనుకుంది."

"నేను అలా అనలేదు పెద్దమ్మా. పెంచుదామనుకున్నాను."

"నాకెందుకు చెబుతావు? అవతల ఉంది, వెళ్ళి చెప్పు."

వెళ్ళాను. చెప్పాను. అమ్మ నా చెంప మీద ఎడమచేయి పెట్టింది. అర్థమైందో లేదో తెలియదు.

పెద్దమ్మకి లెక్కలు రావు. ఆవిడ మాట నేను పట్టించుకోను.

జూన్ 17

5. పదిహేను.

ఏడో రోజు కూడా ఇలాగే రెండు దారులున్నాయని ఇవాళ చూశాను. అమ్మ 8 వేసింది, 1 కూడా వేయవచ్చు. ఆ దారి వేసి చూస్తే పన్నెండు దగ్గరే ఆగిపోతోంది. ఎనిమిదో రోజు 8 వేసింది, 0 వేయవచ్చు. అది పదిహేను. నేను చూసిన రెండు మలుపుల్లోనూ అమ్మ పొడుగు దారే పట్టింది.

సాయంత్రం అమ్మకి ఒళ్ళంతా సుగంధ నూనె రాసి తల దువ్వాను. రేపటి సంగతి సాతెకీకి చెప్పలేదు. చెబితే ఎలా తెలుసని అడుగుతాడు.

జూన్ 18

పదహారో గడి మీద కుంచె పట్టుకుని ఉండిపోయింది. కుంచె మీద రంగు ఎండిపోయేదాకా ఉంది. తర్వాత దాన్ని నా చేతిలో పెట్టింది.

బడి గంటకి ముందే వెళ్ళిపోయింది.

జూన్ 19

ఇవాళ సమాధి. అంకెలున్న పదిహేను గడులూ సాతెకీ కోశాడు. అమ్మని వాటి మీద పడుకోబెట్టారు. మిగతా ముప్ఫై అయిదూ చుట్టి మూలన పెట్టారు. నల్లబట్టలు, సంతాపానికి నడుముకి చుట్టుకునే చిరుగుల చాప. మనుషులు వచ్చారు, పాడారు, తిన్నారు. నేనేం చేశానో గుర్తులేదు.

జూన్ 20

పొద్దున బట్ట చుట్ట విప్పి ఉంది. కోసిన అంచు నుంచి వరసగా మూడు గడుల్లో 0, 7, 8. వంకర అంకెలు. ఎడమచేతివి.

పాత దారిలో పదహారు, పదిహేడు, పద్దెనిమిది. అమ్మ ఉండి ఉంటే మొన్న, నిన్న, ఇవాళ వేయాల్సినవి.

ఆ అంకెలు నాకు తప్ప ఈ దీవిలో ఎవరికీ తెలియవు. అమ్మకి తెలుసు.

జూన్ 21, ఆదివారం

6. నేను లేచేసరికే ఉంది. పక్కన కూర్చుని గంజి కాచాను, అరగిన్నె.

జూన్ 22

0. గంజి నేనే తాగాను. పారబోయడం ఎందుకు.

జూన్ 23

3. పెద్దమ్మ వచ్చి బట్ట చూసింది. నా ఎడమచేయి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"గోళ్ళ కింద ఏంటిది?" అంది.

"రంగు కుండ తోమాను."

"రోజూ తోముతున్నావా?"

"పాత రంగు అంత తేలిగ్గా పోదు పెద్దమ్మా."

పెద్దమ్మ నా చేయి వదలడానికి చాలాసేపు పట్టింది.

జూన్ 24

6. సాతెకీ గుమ్మం బయట నుంచే, "అక్కా, టీ కప్పు ఎడమచేత్తో పట్టుకుంటున్నావేంటి?" అన్నాడు. చూసుకున్నాను. నిజమే. కుడిచేయి ఒళ్ళో పడి ఉంది. పొద్దుటి నుంచి దాన్ని కదిపిన గుర్తు లేదు. కదిపితే కదిలింది.

అమ్మ ఇవాళ ఉండి ఉంటే ఇరవై రెండో రోజు. చేప బాగా పడిందట, తినేది.

జూన్ 25

7.

జూన్ 26

2. ఒక్క రోజుంది.

రేపటి తర్వాత ఏమవుతుందో తెలుసు. తెలిసినా కూడా, ఇవాళ పెన్సిలు పట్టుకుని ఇరవై ఆరుకి మళ్ళీ వేశాను. ఈసారి జతల్లో కాదు, ఒక్కొక్కటిగా. ఏ అంకే కుదరలేదు.

జూన్ 27

అమ్మ పోయాక ఇవాళ పదో రోజు. ఆడవాళ్ళంతా సముద్రపు ఒడ్డున నల్ల గులకరాళ్ళు ఏరి, కడిగి, నూనె రాసి బుట్టలకెత్తాం. సమాధి మీద పరిచాం. వందల రాళ్ళు. ఎవరో జతల్లో లెక్కపెడుతుంటే లేచి దూరంగా వెళ్ళాను.

ఇంటికొచ్చి చూస్తే 5. పొద్దున చూడటం మరిచిపోయాను. రంగు అప్పటికే బాగా ఆరి ఉంది.

అయిపోయింది. పది రోజులూ బట్ట మీద ఉన్నాయి. అమ్మ మాత్రం వాటిలో ఒక్కరోజు కూడా ఇక్కడ లేదు. ఈ పది రోజుల్లో ఏ పూట ఎవరు అమ్మ గురించి ఏడ్చినా, ఇది నా పనే అని గట్టిగా చెప్పాలనిపించింది. ఒక్కరికీ చెప్పలేదు.

జూన్ 28, ఆదివారం

గడి ఖాళీగా ఉంది.

గోళ్ళు చూసుకున్నాను. శుభ్రంగా ఉన్నాయి. కుడిచేత్తోనే ఇది రాస్తున్నాను.

ఇవాళ్టికి అంకె లేదు. ఏ దారిలోనూ లేదు. నేను బట్ట ముట్టుకోకపోయినా, లెక్క తప్పు చేయకపోయినా, ఇవాళ అమ్మ ఉండేది కాదు. నిన్నటిదాకా అమ్మ లేకపోవడం నేను చేసింది. ఇవాళ్టిది నేను చేసింది కాదు. ఇవాళ అందరి అమ్మల్లాగే మా అమ్మ కూడా లేదు.

గుడి గంట కొట్టేదాకా ఏడ్చాను. పోయిన రోజు కూడా ఇంత ఏడవలేదు. సాతెకీ వచ్చి గుమ్మం అవతల నిలబడ్డాడు. లోపలికి రాలేడు, వెళ్ళిపోలేడు. చివరికి, "అక్కా, అమ్మ లేదని ఇవాళేనా నీకు తెలిసింది?" అన్నాడు.

అవునన్నాను.